చార్టు మీద అంటించిన జుట్టు

కాగితం తెగే చప్పుడు వేరు, జుట్టు తెగే చప్పుడు వేరు. ఆ సాయంత్రం నేను వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. హాల్లో మా అమ్మాయి చార్టు ముందు కూర్చుని బొమ్మలు కత్తిరిస్తోంది. కత్తెర కరకరమని నడుస్తోంది, ఆగుతోంది, మళ్ళీ నడుస్తోంది. ఆ చప్పుడు వినిపిస్తున్నంతసేపూ నాకు ఏ దిగులూ లేదు. పిల్లలున్న ఇంట్లో నిశ్శబ్దానికి భయపడాలి గాని చప్పుడుకి భయపడక్కర్లేదని నా అనుభవం. ఉన్నట్టుండి ఆ చప్పుడు మారింది. ఇసుక మీద చెప్పు ఈడ్చినట్టు మెత్తగా, కాస్త బరువుగా ఒక్కసారి వినిపించి ఆగిపోయింది. చేతిలో చిక్కుడుకాయ అలాగే పట్టుకుని హాల్లోకి వెళ్ళాను.

అమ్మాయి ఎడమ జడ ఎప్పటిలాగే నడుం దాటి ఉంది. కుడి జడ జానెడు పొట్టిగా ఉంది. దాని రిబ్బను నేల మీద పడి ఉంది. అమ్మాయి నాలుక పంటి కింద పెట్టుకుని, తెగిన జుట్టును చార్టు మీద తెల్లటి గమ్ములోకి వేళ్ళతో అదుముతోంది.

నేను మొదట చేసిన పని, దాని నుదురు మీద చెయ్యి వేసి చూడటం. చల్లగానే ఉంది.

"ఏంటమ్మా?" అంది, తలెత్తకుండా.

దానికి తొమ్మిదేళ్ళు. నాలుగో తరగతి చదువుతోంది. స్కూల్లో కొలాజ్ చేసి తీసుకురమ్మన్నారు. చార్టు మధ్యలో గీత గీసి, ఒక పక్క "అందరిలాగే", రెండో పక్క "నేను మాత్రమే" అని పేర్లు పెట్టాలి. కొన్న బొమ్మలు అంటించకూడదు, ఇంట్లో దొరికే వాటితోనే చెయ్యాలి. టీచరు వాట్సాప్ గ్రూపులో పెట్టిన మాటలివి. అది విని నేను సంతోషించాను కూడా. ఎప్పుడూ గోపాలపట్నం షాపులో ఒకే బొమ్మల షీటు కొని తల్లులమే అంటించి పంపుతాం. ఈసారి పిల్లే చేసుకుంటుంది కదా అనుకున్నాను.

అందరిలాగే పక్క అప్పటికి పూర్తయింది. నిజంగా బాగా చేసింది. ఆనందపురం జంక్షన్లో ఆగినప్పుడల్లా మన చేతిలో పెట్టే ప్లాట్ల కరపత్రాలు మా ఇంట్లో ఒక సంచెడు ఉన్నాయి. అన్నిటి మీదా ఒకటే కుటుంబం నవ్వుతూ ఉంటుంది. తండ్రి, తల్లి, ఒక బాబు, ఒక పాప, వెనక పచ్చగడ్డి. ఆ పాపలందర్నీ కత్తిరించి వరసగా అంటించి, స్కెచ్ పెన్నుతో అందరికీ రెండేసి జడలు, రిబ్బన్లు వేసింది. మా అమ్మాయి వాళ్ళ నాన్న స్టీల్ ప్లాంటులో పని చేస్తారు. తుడుపు గుడ్డగా మారిన ఆయన పాత యూనిఫారం చొక్కా నుంచి చదరంగా ముక్కలు కత్తిరించి వాళ్ళందరికీ గౌన్లు తొడిగింది. ముందు అన్నీ పొడిగా పేర్చుకుని, నచ్చాక గమ్ము రాసింది. ఆ ఓపిక నాకు లేదు.

రెండో పక్క ఒకే ఒక్క ముఖం. అట్టపెట్టె ముక్క మీద కళ్ళు, ముక్కు, నోరు గీసింది. ఆ ముఖానికి తన సొంత జుట్టు పెట్టింది.

"జుట్టు కత్తిరించావేంటే?" అన్నాను. గొంతు మామూలుగా ఉంచుకోవాలని చూశాను.

"నాకే ఉన్నది ఏదైనా పెట్టాలమ్మా. స్కూల్లో అందరూ నన్ను పొడుగు జుట్టు పిల్ల అనే అంటారు. పెద్ద క్లాసు అక్కలు కూడా. అందుకే."

దానికి తెలియని విషయం ఒకటుంది. ఆ జుట్టు మొక్కులో ఉంది. మొక్కులో ఉన్న జుట్టుకి సింహాచలం కొండ మీద అప్పన్నకి ఇచ్చేదాకా కత్తెర తగలనివ్వరు.

రెండేళ్ళ క్రితం దానికి డెంగీ వచ్చింది. ఆసుపత్రి పిల్లల వార్డులో ఉన్నాం. వార్డులో ప్రతి మంచానికీ ఒక పసుపు గుడ్డ ముడుపు కట్టి ఉండేది. మా మంచానికి లేదు. పక్క మంచం తల్లి భీమిలి వైపు మత్స్యకారుల ఇంటి మనిషి. ఆవిడ అది చూసింది.

"ఏటి మొక్కినావమ్మా?" అంది.

"ఇంకా ఏమీ లేదండి."

"ఇంకానా!" అంది ఆవిడ. తిట్టలేదు, ఆశ్చర్యపోయింది, అంతే. కాని ఆ మాటకి చుట్టుపక్కల మంచాల తల్లులంతా నా వైపు చూశారు. నేను మైక్రోబయాలజీ చదువుకున్నదాన్ని. ప్లేట్‌లెట్లు ఏ రోజు పడతాయో, ఎప్పుడు వాటంతట అవే లేస్తాయో నాకు తెలుసు. తెలిసి కూడా, అంతమంది తల్లుల మధ్య నా బిడ్డ ఒక్కదానికే ఎవరూ ఏమీ మొక్కలేదన్న సంగతి తట్టుకోలేకపోయాను. "జుట్టు ఇస్తానండి," అన్నాను.

"నీదా, పాపదా?"

"పాపదే," అన్నాను. అక్కడ అందరూ బిడ్డల జుట్టే మొక్కారు.

ఆవిడే తన కొంగు ముడి విప్పి పసుపు గుడ్డ ముక్క ఇచ్చింది. మర్నాటి నుంచి జ్వరం దిగింది. దిగాల్సిన రోజే దిగింది. అయినా ఆ రెండిటినీ నా మనసులో విడదీయలేకపోతున్నాను.

ఇంటికొచ్చాక వెళ్దాం వెళ్దాం అంటూనే ఉన్నాం. మా మేడ మీద నిలబడితే సింహాచలం కొండ కనిపిస్తుంది. అంత దగ్గర. ముందు పిల్ల నీరసంగా ఉందన్నాను. తరవాత స్కూలు తెరిచారు, ఆ తరవాత స్కూల్లో డ్యాన్సు ఉందన్నాను. అసలు సంగతి, ఆ వయసు ఆడపిల్లని గుండుతో స్కూలుకి పంపడానికి నాకు మనసొప్పలేదు. జుట్టేమో కత్తెర తగలక పెరుగుతూ పోయింది. చివర్లు కత్తిరిస్తే జుట్టు ఎదగదని పిల్లకి చెప్పాను. అది నమ్మింది. ఎదురింటావిడ ఏ నూనె రాస్తారని అడిగితే కొబ్బరినూనే అన్నాను.

ఇదంతా చెప్పడానికి ఇంతసేపు పట్టింది గాని, హాల్లో ఆ క్షణం నేను ఆలోచించింది ఒకటే. మా అత్త మేడ మీద నుంచి దిగేలోపు రెండు జడలూ కలిపి ముడేసి, కొప్పులా చుట్టేస్తే సరిపోతుందా అని. ఆలోచిస్తుండగానే ఆవిడ ఆరిన బట్టలు భుజాన వేసుకుని దిగింది.

"ఏటే గుంటా, ఆ జడేటి తోక తెగిన బల్లిలాగుంది?"

మా అబ్బాయికి ఐదేళ్ళు. ఇలాంటి వార్త చెప్పే అవకాశం వాడికి అరుదుగా వస్తుంది. "నానమ్మా, అక్క జుట్టు కోసీసి చార్టుకి అంటించీసింది!" అన్నాడు.

"ఓలమ్మో! అప్పన్న జుట్టు!"

బట్టలు కుర్చీలో పడేసి చార్టు మీదికి వంగింది. అమ్మాయి తల పైకెత్తింది.

"ఏ అప్పన్న?"

"ఏ అప్పన్నేటి? కొండ మీదున్నోడు. నీ జొరం తగ్గితే ఇస్తానని మీ అమ్మ మొక్కినాది. నీకు సెప్పలేదేటి?"

అమ్మాయి నా వైపు చూసింది. ఆ చూపు గురించి ఏమీ రాయను. కళ్ళు నా మీద అలాగే ఉంచి, "నాదేమో అనుకున్నాను," అంది.

"నీ తల మీదున్నాది గాని నీదేటే? మొక్కినాక ఆడిదే," అంది మా అత్త. తరవాత నా వైపు తిరిగి, "ఆరకముందే తియ్యమ్మా. తీసి పసుపు గుడ్డలో కట్టు. మిగతా దాంతో కలిపి కొండ మీద ఇచ్చీవొచ్చు. ఈ ఆదోరమే ఎల్లిపోదుం, ఇంక ఆలీసం వొద్దు," అంది.

"ఆదివారమా?" అంది అమ్మాయి. "గుండా?"

అది రెండు చేతులూ చాచి చార్టు మీద పడుకున్నంత పని చేసింది. "తియ్యనివ్వను. రేపు మిస్‌కి ఇచ్చెయ్యాలి."

"అక్కా, నీ చెయ్యి అంటుకుపోద్ది," అన్నాడు తమ్ముడు. నిజంగానే దాని మోచేతికి కరపత్రం పాప ఒకర్తి అంటుకుంది.

నేను దాని చెయ్యి మెల్లగా పక్కకి జరిపి, జుట్టు కొస పట్టుకుని లాగి చూశాను. తీసేద్దామనే లాగాను. జుట్టుతో పాటు చార్టు పైపొర లేచింది. ఇంకాస్త లాగితే ముఖం కూడా చిరుగుతుంది. అమ్మాయి ఏడవలేదు. నా వేళ్ళనే చూస్తూ ఉంది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"వదిలీసినావేటి?" అంది మా అత్త.

"చిరిగిపోతోంది అత్తా."

"సిరిగితే ఇంకో సార్టు కొంటాం. జొరం మళ్ళీ వొస్తే ఏటి కొంటావు?"

ఆవిడ అన్నది నా భయమే. నేను పైకి అనలేకపోయింది ఆవిడ అనేసింది. అందుకే నాకు కోపం వచ్చింది.

అప్పుడు మా అత్త కొంచెం మెత్తబడింది. మనవరాలి పక్కన చతికిలబడి, "అది తీసీసి ఇంకేటైనా అంటించుకోయే. నీకేటి తక్కువ? ఆ ముక్కుంది కదా, బొమ్మెయ్యి," అంది.

"ముక్కు కోసుకుంటావా అక్కా?" అన్నాడు మావాడు, కత్తెర వైపు చూస్తూ. నేను కత్తెర తీసి ఫ్రిజ్ మీద పెట్టాను.

"ముక్కు నాదేనా?" అంది అమ్మాయి.

"నీదంటే... ముక్కు మీ తాతది. ఆయన ముక్కు ఇలాగే ఉండీది, సివర దగ్గర పకోడీలాగ."

"కళ్ళు?"

"కళ్ళు మీ అమ్మవి. అన్నిటికీ బెదిరిపోయే కళ్ళు."

"నవ్వు?"

"అది మీ మేనత్తదే. ఈదంతా ఇనపడతాది."

"రైటింగు?"

దానికి జవాబు పిల్లే చెప్పుకుంది. "రైటింగు స్కూల్లో నేర్పించారు. అందరిదీ ఒకటే."

మా అత్త పిల్లని నవ్విద్దామనే మొదలుపెట్టింది. పకోడీ దగ్గర పిల్ల నవ్వింది కూడా. కాని ఒక్కొక్కటే అడుగుతున్నకొద్దీ దాని గొంతు తగ్గిపోతూ వచ్చింది. చివరికి, "పేరు?" అంది.

"మీ తాత తల్లి పేరే పెట్టినాం."

ఆ రెండో పక్కకి "నేను మాత్రమే" అని రాసిన పట్టీ ఇంకా అంటించలేదు. రంగు కాగితం మీద రాసి కత్తిరించి, చివరగా అంటించాలని గీత పక్కన పెట్టుకుంది. దాన్ని తీసుకుని లెక్కల పుస్తకంలో పెట్టేసింది. "ఆ పక్కకి పేరు వద్దులే," అంది.

నాకు రెండోసారి భయం వేసింది అప్పుడు. దానికి చప్పుడేమీ లేదు. నుదురు ముట్టుకుని తెలుసుకునేదీ కాదు.

టీ టైములో వాళ్ళ నాన్న ఫోన్ చేశారు. ఆయనకి ఆ వారం బి షిఫ్టు. నేను చెప్పేలోపే మావాడు ఫోన్ లాక్కుని అంతా చెప్పేశాడు. ఫోన్ స్పీకర్లో పెట్టించాను.

"నా చొక్కా కూడా కోసిందా?" అన్నారాయన.

"అది పాతదేనండి. జుట్టు సంగతి చెప్పండి ముందు."

"జుట్టు సంగతి నాకేటి తెలుసు? మొక్కింది నువ్వు, ఉన్నది దాని తల మీద. మధ్యలో నాను దూరితే నాకు అప్పన్నతోనూ గొడవే, మీతోనూ గొడవే."

"బావుంది నీ తెలివి!" అంది మా అత్త దూరం నుంచి.

అమ్మాయి ఫోన్ దగ్గరికి వచ్చింది. "నాన్నా, మీ అందరికీ ఒకటే చొక్కా, ఒకటే హెల్మెట్టు కదా. మాస్కు కూడా పెట్టుకుంటారు. మరి మీ ఫ్రెండ్ ఎవరో ఎలా తెలుస్తుంది?"

వెనక ఏదో పెద్ద మోత, ఎవరో "బావా, టీ సల్లారిపోతంది" అని పిలవడం వినిపించాయి. "నడక బట్టి," అన్నారు. "గేటు దగ్గర వెయ్యి మంది వస్తా ఉంటారా, మావోడు ఎవడో దూరాన్నించే తెలిసిపోద్ది."

"నా నడక ఎవరిది?"

"నీది మీ అమ్మమ్మది అనుకుంటా," అన్నారు నవ్వుతూ. ఆయనకి ఇక్కడ జరిగిన ముక్కూ కళ్ళ సంగతి తెలియదు. హాస్యానికి అన్నారు. అమ్మాయి ఫోన్ నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

చార్టు ఆరడానికి ఫ్యాను కింద పెట్టాను. మా ఊరి తేమ గాలికి గమ్ము తొందరగా ఆరదు. అంచులు లేవకుండా నాలుగు మూలలా పప్పు డబ్బాలు పెట్టాను. గమ్ము కింద జుట్టు పాలలో మునిగినట్టు తెల్లగా, ఎవరిదో తెలియకుండా ఉంది.

అన్నం తినేటప్పుడు మావాడు, "నా జుట్టు ఇచ్చేద్దాం. నాకు గుండు ఇష్టం," అన్నాడు.

"నీది మొక్కలేదురా," అంది మా అత్త.

"ఇప్పుడు మొక్కు."

"అలాగ బేరాలు కుదరవు. తిను."

అమ్మాయి నవ్వలేదు. చిక్కుడుకాయ ముక్కలు ఒక్కొక్కటే పక్కకి తీసి పెడుతోంది. దానికి చిక్కుడుకాయ ఇష్టం. నేను దాని నుదురు ముట్టుకోబోయి ఊరుకున్నాను. ఎన్నిసార్లు ముట్టుకున్నా నాకే గాని దానికి ఉపయోగం లేదని అనిపించింది.

పిల్లలు పడుకున్నాక ఇది రాయడం మొదలుపెట్టాను. రాస్తే ఏదో ఒకటి తేలుతుందని. ముందు మొక్కు వైపు వాదించి చూశాను. అడిగింది దొరికింది, ఇస్తానన్నది ఇవ్వాలి. అందులో తప్పేం లేదు, మా ఇంట్లో ఎవరూ అలా కాదనరు. తరవాత నేను చదువుకున్నదాని వైపు వాదించాను. అదీ నిలబడింది. రెండు వైపులా నేనే నెగ్గుతున్నాను గాని, రెండింటిలోనూ పిల్ల మాట ఎక్కడా రాలేదు. వార్డులో ఆ భీమిలావిడ నన్ను అడిగింది, నీదా పాపదా అని. ఆవిడ అడిగిందే నయం. నేను పిల్లని అడగలేదు. అప్పుడు ఒళ్ళు కాలుతూ నిద్రలో ఉంది, అడిగే వీలు లేదు. తరవాత రెండేళ్ళు వీలుంది.

భయం పోయిందని రాయను. పోలేదు. రేపు దానికి ఏ జలుబు చేసినా ఈ జానెడు జుట్టే గుర్తొస్తుంది. అది నాకు ముందే తెలుసు.

పొద్దున్న లేచేసరికి గమ్ము ఆరి అద్దంలా అయింది. కింద జుట్టు నల్లగా, పాయలు పాయలుగా, అల్లిన వంకరలతో సహా కనిపిస్తోంది. దాని జుట్టేనని ఎవరైనా చెప్పగలరు. నేను లాగిన చోట మాత్రం చార్టు పైపొర కొంచెం లేచి ఉంది. అక్కడ కాస్త గమ్ము రాసి వేలితో అదిమాను. మా అత్త టీ తాగుతూ చూసింది. "నీ ఇష్టం తల్లీ. నాను సెప్పాల్సింది సెప్పినాను," అంది. ఆవిడ మొహం ముడుచుకునే ఉంది. అది ఇప్పట్లో విప్పుకోదు.

అమ్మాయికి జడలు వేశాను. ఎడమ జడని కుడిదానితో సమానంగా పైకి మడిచి రిబ్బను కట్టాను. అది అద్దంలో చూసుకుంది. మావాడు బూట్లు తిరగేసి తొడుక్కుంటున్నాడు. ఆటో ఇంకా రాలేదు. అమ్మాయి చార్టు చుట్టబోతూ ఆగి, లెక్కల పుస్తకం తీసి, అందులోంచి ఆ రంగు కాగితం పట్టీ బయటికి తీసింది.

"అమ్మా, ఇది అంటించనా, వద్దా?"

ఇద్దర్నీ దగ్గరికి పిలిచాను. మా అత్తకి కూడా వినపడేటట్టే చెప్పాను.

"అంటించు. ఆ జుట్టు నీది. మొక్కింది నేను. నిన్ను అడగకుండా మొక్కాను. కాబట్టి కొండకి ఎప్పుడు వెళ్ళాలో, అసలు ఇవ్వాలో వద్దో నువ్వు చెప్పు. ఇవాళే చెప్పక్కర్లేదు. నువ్వు వద్దంటే నేను ఒక్కదాన్నే వెళ్ళి అప్పన్నతో చెప్పుకుంటాను. ఈలోపు నీకు జ్వరమొచ్చినా, తమ్ముడికొచ్చినా అది దోమల వల్లో వర్షం వల్లో వస్తుంది. నీ కత్తెర వల్ల రాదు. నేను పదిసార్లు నీ నుదురు ముట్టుకున్నా పట్టించుకోకు, అది నా అలవాటు. మిస్‌ని అడిగి, చార్టు మడత పెట్టకుండా సాయంత్రం మళ్ళీ ఇంటికి తీసుకురా. ఇంకో మాట, నేను పక్కన లేకుండా ఇద్దరూ కత్తెర ముట్టుకోకండి."